ఆసియా బీచ్ క్రీడలు

ఆసియా బీచ్ క్రీడలు ఆసియా ఖండపు దేశాల మధ్య సముద్రతీరంలోను, తీరజలాలలోను నిర్వహించబడే బహుళ క్రీడల పోటీలు. వీటిని ఆసియా ఒలింపిక్ మండలి నిర్వహిస్తుంది. మొదటి క్రీడలు 2008లో ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో జరిగినవి. ఆ తరువాత 2010లో ఒమన్ దేశంలోని మస్కట్‌లోను, 2012లో చైనాలోని హైయాంగ్‌లోను, 2014లో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లోను, 2016లో వియత్నాంలోని దానాంగ్‌లోను జరిగినవి. మొదట రెండేళ్ళకోసారి జరిగిన ఈ పోటీలను 2016 తరువాత నాలుగేళ్ళకోసారి జరిగేలా మార్చారు. కాని 2020లో చైనాలోని సాన్యా నగరంలో జరగవలసిన ఆరవ క్రీడలు పలుమార్లు వాయిదాపడి, చివరకు 2026 ఏప్రిల్ 22 నుంచి 30 వరకు జరిపేందుకు నిర్ణయించబడినవి. అయిదో క్రీడలకూ ఆరో క్రీడలకూ మధ్య దాదాపు పదేళ్ళ విరామం ఏర్పడడానికి కోవిడ్ ఒక్కటే కారణమా, లేక ఇటువంటి పోటీల నిర్మాణంలోనే ఏదైనా బలహీనత ఉన్నదా అనేది క్రీడారంగంలో తలెత్తే ప్రశ్న.

నేపథ్యం

ఆసియా ఒలింపిక్ మండలి ప్రధాన కార్యాలయం కువైట్‌లో ఉన్నది. 1991 నుంచి 2021 వరకు షేక్ అహ్మద్ అల్ ఫహద్ అల్ సబా ఈ మండలికి అధ్యక్షుడిగా వ్యవహరించాడు. ఆయన కాలంలోనే నాలుగేళ్ళకోసారి జరిగే ఆసియా క్రీడలకు తోడుగా అనేక కొత్త పోటీలు పుట్టుకొచ్చినవి. 2005లో బ్యాంకాక్‌లో ఇండోర్ క్రీడలు, 2008లో బీచ్ క్రీడలు, 2009లో యువజన క్రీడలు, యుద్ధకళల క్రీడలు వరుసగా మొదలైనవి.

ఇన్ని పోటీలు ఎందుకన్న ప్రశ్నకు మూడు సమాధానాలు చెప్పవచ్చు. ఆసియా క్రీడలు నిర్వహించడానికి పెద్ద స్టేడియాలు, వేలమందికి వసతి కల్పించే క్రీడాగ్రామం, వేల కోట్ల వ్యయం అవసరం. అది బీజింగ్, దోహా, గ్వాంగ్జౌ వంటి నగరాలకే సాధ్యం. చిన్న దేశాలకు, రాజధాని కాని పట్టణాలకు ఆతిథ్యావకాశం దక్కాలంటే తక్కువ ఖర్చుతో కూడిన పోటీ ఒకటి ఉండాలి. ఒలింపిక్స్‌లో గాని ఆసియా క్రీడలలో గాని చోటు దొరకని క్రీడలకు కూడా ఒక అంతర్జాతీయ వేదిక కావలసి ఉన్నది. మూడవది, బయటికి అంతగా చెప్పుకోనిది, పర్యాటకం. ఇంతవరకు ఆతిథ్యమిచ్చిన పట్టణాల జాబితా చూస్తే బాలి, ఫుకెట్, దానాంగ్, సాన్యా అన్నీ విదేశీ యాత్రికుల కోసం పోటీపడే తీరాలే.

ఆటలు, నియమాలు

బీచ్ క్రీడలలోని చాలా ఆటలు మనకు తెలిసిన ఆటల కుదించిన రూపాలు. బీచ్ వాలీబాల్‌లో జట్టుకు ఇద్దరే ఆటగాళ్ళు. మైదానం కూడా సాధారణ వాలీబాల్ మైదానం కంటే చిన్నది (18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పుకు బదులు 16 మీటర్లు, 8 మీటర్లు). ఇసుక కనీసం 40 సెంటీమీటర్ల లోతున ఉండాలి. బీచ్ ఫుట్‌బాల్‌లో జట్టుకు అయిదుగురు. ఆట 12 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది. ఆటగాళ్ళు పాదరక్షలు లేకుండా ఆడాలి. బీచ్ హ్యాండ్‌బాల్‌లో జట్టుకు నలుగురు. ఇందులో గాలిలోకి ఎగిరి పూర్తిగా ఒక చుట్టు తిరిగి వేసిన గోలుకు రెండు పాయింట్లు ఇస్తారు. రెండు అర్ధభాగాలలోని గోల్స్ కలిపి లెక్కించరు. ఒక్కో భాగాన్ని ఒక్కో సెట్‌గా పరిగణించి, చెరొకటి గెలిస్తే షూటౌట్ ద్వారా విజేతను నిర్ణయిస్తారు. బీచ్ కుస్తీలో ఇసుకలో గీసిన ఏడు మీటర్ల వ్యాసం గల వృత్తమే బరి. మూడు నిమిషాల పోటీలో ముందుగా మూడు పాయింట్లు సాధించినవాడు విజేత. నేలపై పట్టు పట్టి పొర్లడం ఇందులో ఉండదు.

ఇసుకలో కబడ్డీ (చెడుగుడు) తెలుగువారికి కొత్త కాదు. కోస్తా గ్రామాలలోను, వేసవిలో ఎండిన ఏటి గర్భాలలోను పిల్లలు ఆడే చెడుగుడు ఎప్పుడూ ఇసుకమీదే కదా. బీచ్ కబడ్డీలో జట్టుకు ఏడుగురికి బదులు నలుగురే బరిలో ఉంటారు. కాలు కూరుకుపోయే ఇసుకలో పరుగు తీయడానికి గట్టినేలమీద కంటే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది కాబట్టి, కూతకు వెళ్ళినవాడు వెనుదిరిగి గీత చేరడం కష్టతరం. కింద పడినా దెబ్బ తగలదు కాబట్టి పట్టుపట్టేవారు జంకరు. అందుచేత మైదానంలో ఆరితేరిన జట్టు ఇసుకలో కూడా నెగ్గుతుందని చెప్పలేము. 2016లో దానాంగ్‌లో భారత మహిళల జట్టు స్వర్ణపతకం సాధించగా, పురుషుల జట్టు ఫైనల్లో పాకిస్తాన్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నది.

జలక్రీడలలో తెరచాప పడవల పందాలు, డ్రాగన్ పడవల పందాలు, దూరపు ఈత, నీటి పోలో, సర్ఫింగ్, జెట్ స్కీ వంటివి వివిధ సంవత్సరాలలో ఉన్నవి. వీటికి తోడు తీరంతో ఏ సంబంధమూ లేని పోటీలు కూడా చేరినవి. 2008లో బాలిలో దేహదారుఢ్య పోటీలు, పారాగ్లైడింగ్ జరిగినవి. 2010లో మస్కట్‌లో గుర్రంపై దౌడు తీస్తూ నేలలో పాతిన మేకును బల్లెంతో పెకలించే ఆట కూడా పతకాల జాబితాలోకి వచ్చినది. బీచ్ క్రీడ అంటే ఏమిటి అనే నిర్వచనం ఆదినుంచీ సడలింపుగానే ఉన్నదని దీనినిబట్టి తెలుస్తుంది.

అయిదు క్రీడల క్రమం

బాలి (2008): 2002 అక్టోబరు 12న బాలిలోని కూటాలో జరిగిన బాంబు దాడులలో 202 మంది మరణించారు. 2005లో మరల దాడులు జరిగినవి. పర్యాటకమే జీవనాధారమైన ఆ ద్వీపం కుదేలైనది. ఈ నేపథ్యంలో 2008 అక్టోబరు 18 నుంచి 26 వరకు జరిగిన మొదటి బీచ్ క్రీడలు, బాలి మళ్ళీ సురక్షితమని ప్రపంచానికి చాటే సందర్భంగా మారినవి. క్రీడలు ముగిసిన రెండు వారాలకే, నవంబరు 9న, 2002 నాటి దాడుల దోషులు ముగ్గురికి మరణశిక్ష అమలు జరిగినది. 17 క్రీడలలో 40కి పైగా దేశాల క్రీడాకారులు పాల్గొన్న ఈ పోటీలలో ఇండోనేషియా 23 స్వర్ణాలతో ప్రథమ స్థానంలో నిలిచినది.

మస్కట్ (2010): డిసెంబరు 8 నుంచి 16 వరకు జరిగినవి. ఎడారి దేశంలో ఎండ తీవ్రత తగ్గే నెలను ఎంచుకున్నారు. రాజధానికి పశ్చిమాన ఉన్న అల్ ముసన్నాలో ఈ పోటీల కోసం పడవల రేవు, వసతి గృహాలు, క్రీడా సముదాయం నిర్మించారు. బీచ్ క్రీడల కోసం జరిగిన నిర్మాణాలలో తరువాత కూడా సార్థకంగా వినియోగపడినది ఏదైనా ఉంటే అది ఇదేనని చెప్పవచ్చు. 2021 నవంబరులో ఒలింపిక్ తరగతులైన 49ఈఆర్, నాక్రా 17 పడవల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు అక్కడే జరిగినవి. సముద్రయాన సంప్రదాయాన్ని పునరుద్ధరించే ఉద్దేశంతో ఒమన్ 2008లోనే ఒక జాతీయ నౌకాక్రీడల సంస్థను ప్రారంభించి ఉండడం దీనికి ముఖ్య కారణం. అనగా రేవు కట్టినందువల్ల క్రీడ రాలేదు. క్రీడపై ఆసక్తి ముందే ఉండడంవల్ల రేవు ఉపయోగపడినది. ఆతిథ్య దేశం పతకాల పట్టికలో అగ్రస్థానం పొందని ఏకైక బీచ్ క్రీడలు కూడా ఇవే. ప్రథమ స్థానం థాయిలాండ్‌కు దక్కినది.

హైయాంగ్ (2012): షాన్‌డాంగ్ రాష్ట్రంలోని ఈ చిన్న తీరపట్టణం అంతకుముందు చైనా బయట పెద్దగా ఎవరికీ తెలియదు. జూన్ 16 నుంచి 22 వరకు జరిగిన ఈ పోటీలలో 13 క్రీడలు, 49 అంశాలు మాత్రమే ఉన్నవి. చైనా మొదటి స్థానం, థాయిలాండ్ రెండవ స్థానం పొందినవి.

ఫుకెట్ (2014): నవంబరు 14 నుంచి 23 వరకు జరిగినవి. అదే ఏడాది మే 22న థాయిలాండ్‌లో సైనిక తిరుగుబాటు జరిగినది. అధికారంలోకి వచ్చిన సైనిక ప్రభుత్వం ఫుకెట్ తీరాలలో దశాబ్దాలుగా గొడుగులు, వాలుకుర్చీలు అద్దెకిచ్చి బతికే చిరువ్యాపారులను ఆక్రమణల తొలగింపు పేరిట ఖాళీ చేయించినది. దానికీ క్రీడలకూ ప్రత్యక్ష సంబంధం ఉన్నదని అనలేము. కాని తీరం ఎవరిది అన్న ప్రశ్న ఆ సంవత్సరం ఫుకెట్‌లో ఊహాత్మకమైనది కాదు. పోటీల పరిమాణం ఇక్కడ ఒక్కసారిగా పెరిగి 26 క్రీడలు, 168 అంశాలకు చేరినది.

దానాంగ్ (2016): సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 3 వరకు జరిగినవి. మధ్య వియత్నాం తీరానికి అది వర్షాలు, తుఫానులు మొదలయ్యే కాలం. 2018 ఆసియా క్రీడల ఆతిథ్యాన్ని హనోయ్‌కి సంపాదించిన వియత్నాం, ఆర్థిక భారం కారణంగా 2014 ఏప్రిల్‌లో దానిని వదులుకున్నది (ఆ క్రీడలు తరువాత జకార్తా, పాలెంబాంగ్‌లకు వెళ్ళినవి). పెద్ద క్రీడలను వదులుకున్న దేశం రెండేళ్ళకే బీచ్ క్రీడలను నిర్వహించగలిగినది. తక్కువ ఖర్చు పోటీ అన్న మొదటి వాదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 172 అంశాలలో వియత్నాం 52 స్వర్ణాలు గెలుచుకున్నది.

పతకాల పట్టిక చెప్పేదేమిటి

అయిదింటిలో నాలుగుసార్లు ఆతిథ్య దేశమే అగ్రస్థానం పొందినది. సొంతగడ్డపై ఆడే జట్టుకు కొంత అనుకూలత ఏ క్రీడలలోనైనా సహజం. కాని ఇక్కడి అంకెలు ఆ సహజత్వాన్ని దాటిపోయినవి. ఫుకెట్‌లోని 168 స్వర్ణాలలో 56 థాయిలాండ్‌వే. అనగా సరిగ్గా మూడింట ఒక వంతు. దానాంగ్‌లో వియత్నాం వాటా సుమారు 30 శాతం. ఆతిథ్య దేశం తనకు బలమున్న క్రీడలను జాబితాలో చేర్చుకునే వెసులుబాటు ఉండడమే దీనికి ముఖ్య కారణం. ఫుకెట్‌లో థాయి ముష్టియుద్ధ విద్య అయిన ముయే థాయి, దానాంగ్‌లో వియత్నాం యుద్ధకళలైన వోవినామ్, వోకోత్రుయెన్, ఆ దేశంలో వీధివీధినా ఆడే కాలిబంతి వంటి ఈకల ఆట (దా కావ్) ఇలా చేరినవే. ఈ ఆటలలో ఇతర దేశాలకు అనుభవజ్ఞులైన క్రీడాకారులు తక్కువ; కొన్ని అంశాలలో పోటీకి దిగే దేశాలే తక్కువ.

దీనిని అన్యాయమని కొట్టిపారేయడం సులభం. అయితే మరో కోణం కూడా ఉన్నది. కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో చేరినప్పుడు కూడా అది దక్షిణాసియా దేశాలకే తెలిసిన ఆట అన్న విమర్శ వర్తించేదే. తరువాతి కాలంలో ఇరాన్, దక్షిణ కొరియా భారత్‌కు గట్టి ప్రత్యర్థులుగా ఎదిగినవి. 2018లో ఇరాన్ పురుషుల, మహిళల విభాగాలు రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచినది. ఒక ప్రాంతపు ఆట ఖండపు ఆటగా మారాలంటే ఎక్కడో ఒకచోట మొదలు కావాలి. ఆ పని బీచ్ క్రీడలు కొంతవరకు చేసినవని ఒప్పుకోవాలి. బాలిలో 2008లో కనిపించిన పెన్‌కాక్ సిలాట్, పారాగ్లైడింగ్, జెట్ స్కీ 2018 నాటికి జకార్తా ఆసియా క్రీడలలో పతకాంశాలైనవి (సిలాట్‌లో 16 స్వర్ణాలకు 14 మళ్ళీ ఇండోనేషియాకే వెళ్ళినవన్నది వేరే సంగతి). డ్రాగన్ పడవల పందెం 2010 ఆసియా క్రీడలలో చేరినది. బాలిలో ఆడిన సర్ఫింగ్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చోటు సంపాదించినది. బీచ్ వాలీబాల్ మాత్రం వీటికంటే పెద్దది. 1996లోనే ఒలింపిక్స్‌లోను, 1998లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలోను ప్రవేశించినది కాబట్టి దానికి బీచ్ క్రీడల అవసరం అంతగా లేదు.

సముద్రమే లేని మంగోలియా, కజకస్తాన్, ఉజ్బెకిస్తాన్ వంటి దేశాలు ఈ పోటీలకు రావడం మొదట వింతగా తోచవచ్చు. ఇసుకలో జరిగే కుస్తీ, కురాష్, సాంబో వంటివి వారికి అనువైన ఆటలు. నిర్వాహకులు ఇటువంటి ఆటలను పెంచడం వెనుక ఈ లెక్క కూడా ఉన్నది: మధ్య ఆసియా దేశాలకు ఆసక్తి కలగకపోతే ఇవి ఆగ్నేయాసియా పోటీలుగానే మిగిలిపోతాయి.

దుస్తుల వివాదం

బీచ్ క్రీడల చరిత్రలో మహిళల దుస్తుల విషయం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. బీచ్ వాలీబాల్, బీచ్ హ్యాండ్‌బాల్ నియమాలు చాలాకాలం వరకు స్త్రీలకు చాలీచాలని ఈత దుస్తులనే విధించినవి. పురుషులకు ఆ నిర్బంధం లేదు. ఆటకు అది అవసరం అన్న వాదన నిలవదు; ప్రేక్షకులను ఆకర్షించేందుకే అన్న విమర్శ మొదటినుంచీ ఉన్నది. ఆసియాలో ఈ నియమం వల్ల కలిగిన నష్టం మరింత ఎక్కువ. ముస్లిం కుటుంబాల ఆడపిల్లలే కాదు, మన గ్రామీణ ప్రాంతాల ఆడపిల్లలు కూడా ఇటువంటి నియమం ఉన్న ఆటవైపు రావడానికి సంకోచిస్తారు.

2012లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య నియమాలు సడలించి పొట్టి నిక్కరు, చేతులున్న చొక్కా ధరించే వీలు కల్పించినది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈజిప్టు క్రీడాకారిణి దోవా ఎల్‌గొబాషీ తలవస్త్రంతో, పూర్తి దుస్తులతో ఆడి ప్రపంచం దృష్టిని ఆకర్షించినది. హ్యాండ్‌బాల్‌లో మార్పు ఇంకా ఆలస్యమైనది. 2021 జూలైలో ఐరోపా పోటీలలో నార్వే మహిళల జట్టు బికినీకి బదులు నిక్కరు ధరించినందుకు 1500 యూరోల జరిమానా పడినది. దీనిపై అనేక దేశాలలో నిరసన వెల్లువెత్తగా అంతర్జాతీయ హ్యాండ్‌బాల్ సమాఖ్య నియమాన్ని మార్చినది. కొత్త నియమం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చినది. బీచ్ క్రీడలలో ఆసియా మహిళల భాగస్వామ్యం పెరగాలంటే కొత్త స్టేడియం కంటే ఈ చిన్న సవరణే ఎక్కువ ఉపకరిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వాయిదాలు, రద్దులు

ఆరవ క్రీడల ఆతిథ్యం 2019లో చైనా దక్షిణాన హైనాన్ ద్వీపంలోని సాన్యాకు దక్కినది. 2020 నవంబరు 28 నుంచి డిసెంబరు 5 వరకు జరగవలసిన ఈ పోటీలు కోవిడ్ కారణంగా 2021 ఏప్రిల్‌కు, తరువాత 2023కు, చివరకు 2026కు వాయిదా పడినవి. అదే దేశంలో హాంగ్జౌ ఆసియా క్రీడలు ఒక్క సంవత్సరం ఆలస్యంతో 2023 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పూర్తయినవి. పెద్ద పోటీకి ఒక ఏడాది ఆలస్యం, చిన్న పోటీకి అయిదేళ్ళకు పైగా ఆలస్యం! అంతర్జాతీయ క్రీడల క్యాలెండరు బిగుసుకుపోయినప్పుడు మొదట జరిగిపోయేది దేనికి ప్రాధాన్యం తక్కువో అదేనని ఇది తెలుపుతున్నది. 2021లో థాయిలాండ్‌లో జరగవలసిన ఇండోర్ మరియు యుద్ధకళల క్రీడలు కూడా పదే పదే వాయిదాపడి జరగకుండా పోయినవి.

ప్రపంచస్థాయిలో పరిస్థితి ఇంతకంటే దయనీయం. జాతీయ ఒలింపిక్ కమిటీల సంఘం తలపెట్టిన ప్రపంచ బీచ్ క్రీడలు మొదట 2017లో అమెరికాలోని శాన్ డియాగోలో జరగవలసి ఉండగా 2019కి వాయిదా పడినవి. 2019 మే నెలలో శాన్ డియాగో చేతులెత్తేసినది. అయిదు నెలల వ్యవధిలో దోహా ముందుకు వచ్చి అక్టోబరు 12 నుంచి 16 వరకు 97 దేశాల క్రీడాకారులతో వాటిని నిర్వహించినది. రెండవ ప్రపంచ బీచ్ క్రీడలు 2023 ఆగస్టు 5 నుంచి బాలిలో జరగవలసినవి. పోటీలకు సరిగ్గా నెలరోజులు ఉందనగా ఇండోనేషియా తప్పుకున్నది. ప్రభుత్వం నుంచి నిధులు విడుదల కాలేదన్నది అధికారికంగా చెప్పిన కారణం. అదే ఏడాది మార్చిలో ఇజ్రాయెల్ జట్టు రాకపై బాలి గవర్నరు అభ్యంతరం తెలిపిన దరిమిలా 20 ఏళ్ళలోపు వారి ప్రపంచకప్ ఫుట్‌బాల్ ఆతిథ్యం ఇండోనేషియా చేజారినది. బీచ్ క్రీడల విషయంలోనూ అదే చిక్కు ఎదురుకావచ్చునన్న చర్చ అప్పట్లో జరిగినది. కారణమేదైనా, అర్హత పోటీలు గెలిచి విమాన టిక్కెట్లు సిద్ధం చేసుకున్న క్రీడాకారులకు మిగిలింది నిరాశే.

ఇక్కడ అసలు నష్టపోయేవారిని గురించి కొంత చెప్పుకోవాలి. ఫుట్‌బాల్, టెన్నిస్ ఆటగాళ్ళకు ఒక పోటీ రద్దయితే మరొకటి ఉంటుంది. బీచ్ హ్యాండ్‌బాల్, బీచ్ కబడ్డీ ఆడేవారికి ఖండస్థాయిలో ఉన్న పెద్ద వేదిక ఇదొక్కటే. 2016లో ఇరవై ఏళ్ళ వయసున్న క్రీడాకారిణికి 2026 నాటికి ముప్పై ఏళ్ళు నిండుతాయి. మధ్యలో ఆమె శిక్షణకు సాయం, ఉద్యోగంలో క్రీడాకోటా, ప్రభుత్వ ప్రోత్సాహకం ఇవన్నీ పతకం ఆధారంగానే కదా వచ్చేవి. పోటీయే లేనప్పుడు పతకం ఎక్కడిది?

ఒకేసారి జరిగి ఆగిపోయిన పోటీలు తెలుగువారికి అపరిచితం కాదు. 2003 అక్టోబరు, నవంబరులలో హైదరాబాదులో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడలు మొదటివి, అవే చివరివి. శ్రీలంకలోని హంబన్‌తోట కథ కూడా ఇటువంటిదే. 2004 సునామీలో తీవ్రంగా దెబ్బతిన్న ఆ పట్టణంలో 2011 అక్టోబరు 8 నుంచి 14 వరకు మొదటి దక్షిణాసియా బీచ్ క్రీడలు జరిగినవి. అప్పుడు హంబన్‌తోట 2018 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం కోసం పోటీపడుతున్నది. నెల తిరిగేసరికి, నవంబరు 11న జరిగిన ఓటింగులో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్ 43 - 27 ఓట్ల తేడాతో ఆ అవకాశాన్ని దక్కించుకున్నది. 2013లో అక్కడికి సమీపాన మట్టలలో ప్రారంభమైన విమానాశ్రయానికి విమానాలు కరువైనవి. హంబన్‌తోట ఓడరేవును 2017లో చైనా సంస్థకు 99 ఏళ్ళ లీజుకు ఇచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో బీచ్ క్రీడల పాత్ర స్వల్పమే. కాని ఒక ప్రాంతాన్ని ఒక్కసారిగా ప్రపంచపటంపై నిలబెట్టాలన్న తాపత్రయంలో క్రీడలను ఒక ప్రదర్శన వస్తువుగా ఎలా వాడుతారో అది చూపినది.

తీరంపై ప్రభావం

బీచ్ క్రీడలకు అనుకూలంగా చెప్పే ముఖ్యమైన మాట, వీటికి శాశ్వత నిర్మాణాలు అక్కరలేదన్నది. తాత్కాలిక గ్యాలరీలు కట్టి పోటీలు ముగిశాక విప్పేయవచ్చు. ఇది చాలావరకు నిజమే. అయితే ఇసుకతీరం ఖాళీ స్థలం కాదు. ఇసుక తిన్నెలు అలల తాకిడినుంచి వెనుక ఉన్న నేలను కాపాడే సహజమైన కట్టలు. వాటిని చదును చేసి, యంత్రాలు నడిపి, రాత్రివేళ దీపాలు వెలిగిస్తే నష్టం ఉంటుంది. దానాంగ్‌కు దక్షిణాన ఉన్న హోయ్ ఆన్ పట్టణపు కువా దాయ్ తీరం 2014 ప్రాంతంలో కోతకు గురై హోటళ్ళ గోడల దాకా సముద్రం వచ్చినది. ఫుకెట్‌కు చేరువలోని మాయా బే తీరాన్ని యాత్రికుల తాకిడికి పగడపు దిబ్బలు పాడైనందువల్ల 2018 జూన్ నుంచి 2022 జనవరి వరకు మూసివేయవలసి వచ్చినది. ఇవి బీచ్ క్రీడల వల్ల జరిగినవి కావు. కాని ఆ క్రీడలు ఏ పర్యాటకాన్ని పెంచడానికి ఉద్దేశించబడినవో ఆ పర్యాటకం తీరంపై వేసే భారం ఎంతో ఇవి చెబుతున్నవి.

భారతదేశంలో బీచ్ క్రీడలు

భారతదేశం ఆసియా బీచ్ క్రీడలకు ఇంతవరకు ఆతిథ్యం ఇవ్వలేదు. జాతీయస్థాయిలో మాత్రం మొదటి ఖేలో ఇండియా బీచ్ క్రీడలు 2025 మే 19 నుంచి 24 వరకు దీవ్‌లోని ఘోఘ్లా తీరంలో జరిగినవి. ఫుట్‌బాల్, వాలీబాల్, కబడ్డీ, సెపక్ తక్రా, పెన్‌కాక్ సిలాట్, సముద్రపు ఈత పతకాంశాలు. పతకాల పట్టికలో సముద్రతీరం లేని మణిపూర్ ప్రథమ స్థానం పొందడం విశేషం. మంగోలియా విషయంలో చెప్పినదే ఇక్కడా వర్తిస్తుంది: ఇసుక ఎక్కడ ఉన్నదన్నదానికంటే ఆ ఆటకు శిక్షణ ఎక్కడ ఉన్నదన్నదే ముఖ్యం. తెలంగాణకు కూడా సముద్రం లేదు. అయినా హుసేన్ సాగర్ జలాలలో ఏటా తెరచాప పడవల జాతీయస్థాయి పోటీలు జరుగుతుంటాయి. సర్ఫింగ్‌లో 2025 ఆగస్టులో తమిళనాడులోని మహాబలిపురంలో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో రమేష్ బుదిహాల్ కాంస్యం సాధించి, ఆ పోటీలలో వ్యక్తిగత పతకం పొందిన తొలి భారతీయుడైనాడు.

ఆంధ్ర ప్రదేశ్‌కు గుజరాత్ తరువాత చెప్పుకోదగినంత పొడవైన తీరరేఖ కలదు. ఇటువంటి పోటీలకు సహజంగా గుర్తుకు వచ్చే నగరం విశాఖపట్నం. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష సందర్భంగా రామకృష్ణా బీచ్‌లో లక్షలాది ప్రజలను నియంత్రించిన అనుభవం నగరానికి ఉన్నది. రుషికొండ తీరం 2020లో దేశంలో తొలి విడతగా బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది తీరాలలో ఒకటి (ఘోఘ్లా కూడా వాటిలో ఒకటే). అయితే నిర్వహణ లోపాల కారణంగా 2025 ప్రారంభంలో రుషికొండకు ఆ గుర్తింపును తాత్కాలికంగా ఉపసంహరించి, లోపాలు సరిదిద్దిన తరువాత పునరుద్ధరించారు. గుర్తింపు సంపాదించడం ఒక పని, నిలుపుకోవడం మరొక పని.

కాలనిర్ణయం కూడా తేలిక కాదు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి రాత్రివేళ ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ నెలలలో తీరంపై ప్రకాశవంతమైన దీపాలు, జనసమ్మర్దం వాటికి ప్రాణాంతకం. మే నెలలో ఎండ తీవ్రం. జూన్ నుంచి నైరుతి ఋతుపవనాలతో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు, నవంబరులు తుఫానుల కాలం. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్దే తీరం దాటినది, అప్పటికి ఫుకెట్ క్రీడలకు నెలరోజులే ఉన్నవి. ఇవన్నీ పోగా మిగిలేది డిసెంబరులో కొన్ని వారాలు మాత్రమే. మత్స్యకారుల పడవలు, వలలు ఆరవేసుకునే చోట్లు ఆ వారాలలో ఎక్కడికి తరలించాలన్నది, వారి జీవనానికి కలిగే అంతరాయానికి పరిహారం ఎవరు చెల్లించాలన్నది ఆతిథ్య ప్రతిపాదన రాసే ముందే తేల్చుకోవలసిన విషయాలు.